లక్ష్మక్క లెక్క

జనవరి 18

విత్తనాల అంగడి వాళ్ళు ఇచ్చిన డైరీ ఇది. పత్తి తూకాలు రాసుకుంటానని మా ఆయన తెచ్చుకున్నాడు, ఒక్క పేజీ రాయలేదు. ఈరోజు నుంచి నాది.

సభలో నా మాట నెగ్గింది. ముందు అది రాసుకోవాలి. పీర్ల చావిడి ముందు రెండు వందల మందికి తక్కువ లేరు. నేను లేచి చెప్పాను. సర్పంచికి నిలబడేవాళ్ళు ఓటుకు డబ్బు, మందు, బిర్యానీ ఇవ్వకూడదు. సర్కారు లక్షన్నర దాకా ఖర్చు పెట్టుకోమన్నా మన ఊర్లో నలభై వేలు దాటకూడదు. పెట్టిన ప్రతి రూపాయీ ఏ రోజుది ఆ రోజు చావిడి గోడ మీద అందరికీ కనబడేలా రాయాలి. దాటినవాళ్ళకు ఊరు ఓటు వేయకూడదు.

మొదట నవ్వారు. "నలభై వేలకు సర్పంచి యాడొస్తాదమ్మా, ఈ కాలంలో మంచి గొర్రెపొట్టేలు కూడా రాదు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను కోపం తెచ్చుకోలేదు.

"అయిదేండ్ల కింద మేం ఓటుకు అయిదు నూర్లు పంచినాం. కాలువ కింద రెండెకరాలు అమ్మి పంచినాం. తొమ్మిది ఓట్లతో ఓడిపోయినా. ఆ రెండెకరాల్లో ఇప్పుడు ఎవురో మిరప పెట్టినారు. దినామూ ఆ పక్కనే నడ్సిపోతాండా నేను" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. చావిడి చూసుకునే బడే సాబ్ లేచి "గోడ నేనిస్తానప్పా, నల్లరంగు కూడా నేనే కొట్టిస్తా" అన్నాడు. ఇక చేతులు లేచాయి.

ఇంటికి వచ్చాక తోడికోడలు లక్ష్మి "అక్కా, బలే మాట్లాడినావు" అంది. దాని ముఖంలో నిజంగానే సంతోషం ఉంది. నాకూ సంతోషమే.

జనవరి 19

ఆ తొమ్మిది ఓట్లు ఏ ఇళ్ళవో ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంటాను.

జనవరి 24

ఈసారి కూడా మా ఊరి సీటు ఆడవాళ్ళకే వచ్చింది. అయినా నేను నిలబడలేను. సభలో ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

పోయినసారి ఓడిపోయాక ఖర్చుల లెక్క మండలాఫీసులో ఇవ్వాలని మాకు తోచనే లేదు. "గెలిసినోళ్ళు ఇస్తారు లెక్క. ఓడిపోయినోళ్ళం ఏం ఇయ్యాల, పోయిన రెండెకరాల లెక్కా?" అన్నాడు మా ఆయన గోవిందు. నేనూ నిజమే అనుకున్నాను. ఓడినవాళ్ళయినా సరే నలభై ఐదు రోజుల్లో ఇచ్చి తీరాలట. ఇవ్వనందుకు మూడేళ్ళు పోటీ చేయకూడదని రెండున్నరేళ్ళ కింద ఆర్డరు వేశారు. ఆ మూడేళ్ళు వచ్చే జూన్‌తో తీరిపోతాయి. ఎలక్షన్ ఫిబ్రవరిలో వచ్చిపడింది. ముందు నోటీసు పంపామనీ, జవాబు ఇచ్చుంటే వదిలేసేవాళ్ళమనీ ఆఫీసులో అన్నారు. నా చేతికైతే ఏ నోటీసూ రాలేదు.

ఈరోజు పొద్దున అన్నదమ్ములిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. మా మరిది తిక్కయ్య నందవరం నుంచి ఎమ్మిగనూరుకు ఆటో నడుపుతాడు, ఊరు ఊరంతా అతనికి తెలుసు. అతని పెళ్ళామే లక్ష్మి. ఏడో తరగతి చదివింది. నేను ఆదోనిలో డిగ్రీ రెండేళ్ళు చదివాను. పద్నాలుగేళ్ళ నుంచి పొదుపు సంఘం పుస్తకాలు రాస్తున్నాను. ఇవన్నీ ఎవరిక్కావాలి?

"లక్ష్మిని నిలబెడదాం. ఎనకాల నువ్వుంటావు గదా" అన్నాడు మా ఆయన నాతో.

వెనకాల.

లక్ష్మి నా వైపే చూస్తూ "అక్క ఊ అంటేనే" అంది. నేను ఊ అన్నాను. అందరూ నా నోటి వైపు చూస్తుంటే ఇంకేమంటాను?

జనవరి 25

దాని పూర్తి పేరు లక్ష్మక్క. పుట్టింటివాళ్ళు పెట్టిన పేరే అది. నాకంటే ఏడేళ్ళు చిన్నది. కాపురానికి వచ్చిన రోజే నేను ఆ పేరులో సగం తీసేసి లక్ష్మి చేశాను. చిన్న తోడికోడలిని పట్టుకుని అక్కా అని ఎవరు పిలుస్తారు? ఇంట్లో అందరికీ అదే అలవాటయింది.

ఈరోజు నామినేషన్ కాగితంలో పూర్తి పేరు రాయాల్సి వచ్చింది. నా చేత్తో నేనే రాశాను. రేపటి నుంచి ఊరంతా లక్ష్మక్కా, లక్ష్మక్కా అనే పిలుస్తారు.

జనవరి 30

గుర్తులు ఇచ్చారు. లక్ష్మికి ఉంగరం. ఎరువుల అంగడి హబీబ్ భార్య రుక్సానాకు కత్తెర. వీళ్ళిద్దరే పోటీ. ఇద్దరూ చావిడి ముందు నిలబడి మాట ఇచ్చారు. గోడ నల్లగా మెరుస్తోంది. మధ్యన నిలువుగా గీత కొట్టి అటు ఒకరిది, ఇటు ఒకరిది.

రెండు వైపులా రాసేది నేనే. నా తోడికోడలు నిలబడుతోంది కదా, వేరే ఎవరైనా రాస్తే బాగుంటుందని నేనే అన్నాను. "నువ్వు రాస్తేనే మాకు నమ్మకం సరస్వతక్కా" అంది రుక్సానా. అలా అన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఆ ఒక్క నిమిషం బాగుంది.

ఫిబ్రవరి 2

ఈరోజు నేను చేసిన పనికి నాకే నవ్వు వస్తోంది. నవ్వు కాదులే, ఏడుపు.

సాయంత్రం గోడ మీద రాస్తున్నాను. కరపత్రాలు, మైకు, పొద్దున తిరిగినవాళ్ళకు ఉగ్గాని, టీ. తిక్కయ్య ఆటో సొంతానిదే అయినా దినం బాడుగ కట్టి రాశాను. అతను ముఖం మాడ్చుకున్నాడు. అప్పుడు వచ్చింది లక్ష్మి కొత్త చీర కట్టుకుని. చిలకాకుపచ్చ రంగు, ఎర్ర అంచు. దానికి ఆ రంగు ఎంత బాగా అమరిందో. మనుషులు గోడ చూడడం మానేసి దాన్ని చూశారు.

నేను సుద్దముక్క పట్టుకునే అడిగాను, అందరూ వినాలనే గట్టిగా అడిగాను.

"లక్ష్మీ, ఆ చీర ఇంటికి తీసుకుంటివా, ప్రచారానికా?"

అది ఉలిక్కిపడింది. చీర కొంగు ఒకసారి చూసుకుంది. సిగ్గుపడుతుందనే అనుకున్నాను, తల దించుకుంటుందనే అనుకున్నాను.

"ప్రచారానికే అక్కా. ఉండేవన్నీ సినిగిపోయినాయి, నలుగుర్లో తిరగాల కదా అని ఎమ్మిగనూర్లో తీసుకుంటి. నాలుగు నూర్ల యాభై. రాయి" అంది.

రాశాను. చీర 450. వెనక నుంచి చప్పట్లు. బడే సాబ్ అయితే "సెబాస్ బిడ్డా" అని అరిచాడు. రుక్సానా కూడా నవ్వుతూ "అట్లయితే నా బురఖా కూడా కొత్తదే, ఎనిమిది నూర్లు, రాయక్కా" అంది. అదీ రాశాను.

నియమం నాది. చీర పాయింటు కూడా నాదే. చప్పట్లు దానికి.

ఫిబ్రవరి 4

పేపర్లో వచ్చింది. జిల్లా పేజీలో, పైనే. "చీర ఖర్చూ చెప్పిన అభ్యర్థి." లక్ష్మి గోడ పక్కన నిలబడి ఉంది ఫొటోలో. గోడ మీద అక్షరాలు నావి. కింద రాసింది మూడుసార్లు చదివాను. "గ్రామస్థులు తీసుకున్న నిర్ణయం మేరకు" అని ఉంది. గ్రామస్థులు!

ఆ విలేకరి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కాస్త పక్కకు జరగమన్నాడు, ఫొటోలో అడ్డం వస్తున్నానని.

ఫిబ్రవరి 5

లక్ష్మి పేపరు పట్టుకుని వచ్చి "నీ పేరు సెప్పినాను అక్కా, వాళ్ళు రాయలేదు" అంది. సరేలే అన్నాను. చెప్పి ఉంటుంది. చెప్పకపోయినా బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి ఒక వీలుండేది.

ఫిబ్రవరి 9

గెలిచింది. అరవై ఒక్క ఓట్లు ఎక్కువ.

ఐదేళ్ళ కింద రెండెకరాలు పోగొట్టుకుని నేను గెలవలేకపోయాను. అది ముప్పై ఒక్క వేలతో గెలిచింది. ఎందుకు గెలిచింది? నా నియమం ఉంది కాబట్టి. ఆ నియమం అప్పుడే పెట్టుకుని ఉంటే? పెట్టుకోలేదు. అప్పుడు నాకు తట్టలేదు. పొలం పోతే తప్ప తట్టే మాట కాదది.

దండలు వేశారు, రంగులు చల్లారు. లక్ష్మి నేరుగా నా దగ్గరికి వచ్చి కాళ్ళకు దండం పెట్టింది. నలుగురూ చూశారు. మంచి కోడలు అని అందరూ అన్నారు.

ఇంటికొచ్చి ఒక పక్కన కూర్చున్నాం. ఈసారి లెక్క తప్పకూడదు కదా, ఫారాలు నేను ముందే తెచ్చి పెట్టాను. "యాడ పెట్టాల్నక్కా సంతకం?" అని అడిగింది. ఇంకా అంకెలేవీ రాయలేదు, ఖాళీగా ఉన్నాయి. నిండాక పెట్టమన్నాను. "నువ్వే గదా నింపేది, ఇంక నాకేం బయ్యం" అని మూడు కాగితాల మీదా పెట్టేసింది. ముత్యాల్లాంటి అక్షరాలేం కావు. అయినా ల-క్ష్మ-క్క అని మూడూ విడివిడిగా, నీటుగా పెట్టింది.

ఈరోజు నుంచి నలభై ఐదు రోజులు. మార్చి 26.

ఫిబ్రవరి 12

రుక్సానా బస్టాపు దగ్గర ఆపింది. "మా లెక్క నిన్ననే ఇచ్చేసొచ్చినాం సరస్వతక్కా. గోడ మీదుండేదే ఎత్తి రాసినాం, అరగంట పని. మీదీ ఇచ్చేయండి" అంది. ఓడిపోయిన మనిషి. ఏ బాధా లేనట్టు ఉంది. నాకు అది అర్థం కాదు.

ఫిబ్రవరి 20

ఆదోనిలో ఏదో సంస్థ వాళ్ళు కొత్త సర్పంచులకు సన్మానం పెట్టారు. లక్ష్మి ఒక్కతే పోలేనంది, తోడు పోయాను. నేను చదువుకున్న ఊరు. కాలేజీ రోడ్డు మీదే పోయింది ఆటో. పత్తి లారీలు దారి పొడుగునా నిలబడి ఉన్నాయి, నా చదువుకునే రోజుల్లో కూడా ఇలాగే ఉండేవి.

లక్ష్మిని స్టేజీ మీదికి పిలిచారు. పోతూ పోతూ దాని సంచి నా చేతికి ఇచ్చింది. శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. తడబడుతుందనుకున్నాను. "నాకు మాటలు రావు సార్. గోడ మాట మా అక్కది. ఆడ కూసునింది సూడండి" అని చెయ్యి చూపించింది. అందరూ వెనక్కి తిరిగారు. చప్పట్లు కొట్టారు.

దాని శాలువాలోంచి ఒక పోగు తీసి నాకు ఇచ్చినట్టుంది. అలాంటి చప్పట్లు నాకు వద్దు. దాని సంచి ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాను. ఓర్వలేకపోతున్నాను. ఇది ఇంకెక్కడా చెప్పుకునేది కాదు, ఇక్కడ రాస్తున్నాను. నాకు దాన్ని చూస్తే ఓర్వడం లేదు.

ఫిబ్రవరి 25

ఫారాలు నింపాను. మొత్తం ముప్పై ఒక్క వేల నాలుగు వందల అరవై. చీర 450 కూడా ఉంది. రసీదులన్నీ వెనక కుట్టాను. సంతకాలు ఉండనే ఉన్నాయి. నందవరం పోయి ఇచ్చి రావడమే. రేపు పోతాను.

మార్చి 1

తలనొప్పి.

మార్చి 2

సంఘం మీటింగు.

మార్చి 4

పొద్దున లక్ష్మి కుళాయి దగ్గర బిందె నింపుకుంటూ అడిగింది. "అక్కా, ఆ లెక్క కాయితాలు ఇచ్చినావా?"

"ఇచ్చినా" అన్నాను.

పప్పులో ఉప్పు వేశావా అంటే వేశానన్నట్టు వచ్చేసింది నోట్లోంచి. ఎందుకన్నానో తెలియదు. అది ఇంకేమీ అడగలేదు, బిందె ఎత్తుకుని పోయింది.

మార్చి 5

రేపు ఇచ్చేస్తే ఆ మాట అబద్ధం కిందికి రాదు. రెండు రోజులు ముందు చెప్పినట్టు, అంతే.

మార్చి 10

ఊరికే తెలుసుకుందామని నియమాల కాగితం మళ్ళీ చదివాను. గడువులోగా లెక్క ఇవ్వకపోతే గెలిచినవాళ్ళ పదవి కూడా పోతుంది. ఉప సర్పంచి కొన్నాళ్ళు చూసుకుంటాడు. తర్వాత మళ్ళీ ఎలక్షన్. అంతా అయ్యేసరికి ఎంత లేదన్నా ఆరు నెలలు పడుతుంది. అప్పటికి జూన్ దాటిపోతుంది.

ఊరికే రాసుకున్నాను. సంఘం పుస్తకాలు రాసేదానికి నియమాలు తెలియాలి కదా.

మార్చి 12

మొన్న బోరు మోటారు కాలిపోయింది. ఆ సాయంత్రం లక్ష్మి వచ్చి నా పక్కన కూర్చుని ఎవర్ని పిలవాలి, ఏ పద్దులో రాయాలి, తీర్మానం ఎట్లా పెట్టాలి అని అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. చెప్పకుండా ఉండలేను, అడిగితే వచ్చేస్తాయి నాకు. మర్నాటికి మోటారు తిరిగింది. "లక్ష్మక్క వచ్చినాంక ఒక్క దినంలో నీళ్ళొచ్చినాయి" అంటున్నారు వీధిలో. నేను కూడా ఆ నీళ్ళే పట్టుకుని వంట చేశాను.

మా ఆయన అన్నం తింటూ "మన లక్ష్మి పర్వాలేదే, బాగానే సేస్తాంది" అన్నాడు. ఇంకో ముద్ద పెట్టమంటారా అని అడిగాను.

మార్చి 16

ఫైలు బీరువాలో చీరల కింద ఉంది. బియ్యం డబ్బా పక్కన పెడితే ఎలుకలు కొరుకుతాయని అక్కడ పెట్టాను.

మార్చి 19

ఉగాది. ఆఫీసు ఉండదు.

మార్చి 21

రంజాన్ పండుగ. రుక్సానా వాళ్ళింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది, గిన్నె నిండా. లక్ష్మికీ ఒక గిన్నె. ఇద్దరికీ సమానంగానే పంపించింది. నేను చూశాను.

మార్చి 22

ఆదివారం.

మార్చి 24

ఫైలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నందవరంలో బస్సు ఆగింది, నలుగురు దిగారు, ఇద్దరు ఎక్కారు. ఆఫీసు ఆ సందులోనే. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బస్సు కదిలింది. ఎమ్మిగనూరు దాకా పోయి రెండు జాకెట్టు గుడ్డలు కొనుక్కుని వచ్చాను.

ఇదంతా తెలిసి చేస్తున్నానా అని అడిగితే ఏం చెప్పను? దిగలేదు. అంతే రాయగలను. కాళ్ళు లేవలేదు అని రాద్దామనుకున్నాను, కానీ ఎమ్మిగనూరులో కాళ్ళు బాగానే లేచాయి.

మార్చి 25

రేపటితో సరి.

మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. కోడుమూరు వైపు పల్లె వాళ్ళు. వాలకం చూస్తే అత్తాకోడళ్ళు. ఎండన పడి వచ్చారు, చెప్పుల నిండా దుమ్ము. లక్ష్మి వాకిట్లోనే ఉంది. సర్పంచిని చూడడానికే వచ్చారనుకుని నేను లేవలేదు.

"సరస్వతక్క ఎవురమ్మా?" అంది పెద్దామె.

లక్ష్మి నన్ను చూపించింది. ఆ పెద్దామె నా ఎదురుగా వచ్చి కింద కూర్చుంది.

"గోడ రాసింది నువ్వేనంట గదా. మా ఊర్లో ఉప ఎన్నిక వస్తాంది. మేం కూడా ఇట్ల గోడ పెట్టుకోవాలనుకుంటాండాం. మా మొగోళ్ళు నవ్వుతాండారు. ఎట్ల మొదలుపెట్టినావు, ఎవుర్ని ఒప్పించినావు, అన్నీ సెప్పు. హబీబ్ అంగట్లో రుక్సానమ్మ సెప్పింది, పోయి సరస్వతక్కనే అడగండని."

గంటసేపు చెప్పాను. ఖర్చు ఎంత అని పెట్టుకోవాలి, గోడ ఎవరిది అయితే మంచిది, రెండు వైపులా ఒకే చేతి రాత ఎందుకు ఉండాలి, సొంత బండికి కూడా బాడుగ ఎందుకు కట్టాలి. కోడలు నోటుబుక్కులో రాసుకుంది. లక్ష్మి మజ్జిగ తెచ్చి ఇచ్చింది, ఒక్క మాట మధ్యలో మాట్లాడలేదు.

పోతూ పోతూ ఆ కోడలు అడిగింది. "మరి గోడ మీద లెక్క ఆఫీసులో ఇచ్చినప్పుడు వాళ్ళు ఒప్పుకున్నారా అక్కా? తేడా ఏం రాలేదు గదా?"

"రాలేదు" అన్నాను.

వాళ్ళు పోయాక మజ్జిగ గ్లాసులు కడిగాను. రేపు లెక్క ఇవ్వకపోతే లక్ష్మి పదవి పోతుంది. దానితో ఊరు ఏమంటుంది? గోడ మీద రాసిందంతా దొంగ లెక్క, అందుకే ఆఫీసులో ఇవ్వలేదు అంటుంది. నవ్విన మగవాళ్ళందరూ మళ్ళీ నవ్వుతారు. కోడుమూరు వైపు ఆ గోడ లేవకుండానే పడిపోతుంది.

లక్ష్మి పోతే పోనీ. గోడ పోకూడదు.

మార్చి 26

ఇచ్చేశాను.

పొద్దున పోదామనుకుంటే మా ఆయనకు పొలానికి అన్నం పంపాల్సి వచ్చింది, అది అయ్యేసరికి బస్సు పోయింది. మళ్ళీ సాకులు వెతుక్కుంటున్నానేమోనని భయం వేసి, ఎండలో రోడ్డు మీద నిలబడి షేర్ ఆటో ఎక్కాను. ఆఫీసులో క్లర్కు యేసేపు ఒక్కొక్క కాగితం తిప్పి చూశాడు. "చీర కూడా రాసినారా!" అని నవ్వాడు. సీలు వేసి రసీదు ఇచ్చాడు. గడియారం చూశాను, నాలుగు దాటి పది నిమిషాలు. బయటికి వచ్చి సోడా తాగాను. నా ఒళ్ళు తేలికైపోయింది. ఇది కూడా రాయాలి, దాచుకోకూడదు. లక్ష్మి మీద నాకు కోపం కూడా లేదు ఆ సమయానికి.

ఇంటికి వచ్చేసరికి లక్ష్మి అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఇంకా వెలుతురు ఉంది.

"అక్కా, లెక్క ఇయ్యనీకి ఈ దినమే కడాకరు అంట గదా, రుక్సానా సెప్పింది. రసీదు బద్రంగా పెట్టుకోవాలంట. యాడుండాది మనది?"

లేదనవచ్చు, రేపు వెతికి ఇస్తాననవచ్చు. తేలికపడ్డ మనసు కదా, తెలివి పనిచేయలేదు. సంచిలోంచి తీసి ఇచ్చేశాను. అది చేతులు కొంగుకు తుడుచుకుని మెల్లగా చదివింది. పేరు చదివింది, మొత్తం చదివింది, సీలు దగ్గర ఆగింది.

"ఇది ఈ దినం తేదీ."

నేను సంచి మూతి బిగించాను.

"ఎప్పుడో ఇచ్చినా అంటివి గదక్కా."

"అంటిని."

"ఇన్ని దినాలు?"

"ఇన్ని దినాలు నా బీరువాలోనే ఉండె" అన్నాను. ఆ మాట అనగలిగాను. మిగిలింది అది అర్థం చేసుకుంది, ముఖం చూస్తే తెలిసింది. అరుస్తుందనుకున్నాను. వీధిలో పెట్టి అడుగుతుందనుకున్నాను. అది రసీదును నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. రెండు, మూడు కాయలు ఒలిచాక తల ఎత్తకుండానే అంది.

"నీకు నోటీసు వచ్చిండె అక్కా. అప్పుడు."

"ఏ నోటీసు?"

"పోయిన ఎలక్షన్ లెక్కది. రిజిస్టర్ పోస్టు. నువ్వు సంఘం పని మీద ఎమ్మిగనూరు పోయిండావు. నేనే సంతకం పెట్టి తీసుకుంటి. సదువుకుంటి. జవాబు ఇయ్యకుంటే మూడేండ్లు నిలబడేకి లేదని ఉండె." ఒక కాయ పగలలేదు, పంటితో కొరికింది. "పొయ్యిలో ఏసేస్తి."

నా చెవులు నేను నమ్మలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది, ఈసారి నా వైపు చూస్తూ.

"ఎందుకే?"

"రెండెకరాలు పోయిండె. ఉండేది ఇంక మూడు. నువ్వు ఊరుకునే దానివి కావు, మళ్ళా నిలబడతావు. బావ మళ్ళా అమ్ముతాడు. నా బిడ్డలు ఏం తింటారు అనుకుంటి. నువ్వు ఇట్ల గోడ తెస్తావని నాకేం తెలుసు? తెలిస్తే నీ చేతికే ఇచ్చేదాన్ని." కాయలు పక్కకు తోసింది. "కొట్టాలంటే కొట్టక్కా. అనాలంటే అను."

చేట తీసుకుని లోపలికి పోయాను. గింజలు డబ్బాలో పోశాను.

మార్చి 27

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. లక్ష్మి చేసినదానికి కారణం ఉంది. మూడెకరాలు, ఇద్దరు పిల్లలు. నేను తలనొప్పి అని రాసుకున్నాను, ఆదివారం అని రాసుకున్నాను, ఎలుకలు అని కూడా రాసుకున్నాను. కారణం మాత్రం ఆదోని రోజున ఒక్కసారే రాశాను, అదీ ఒక్క ముక్క. ఓర్వడం లేదు అని.

మూడేళ్ళు నన్ను కూర్చోబెట్టింది అది. నా కుర్చీలో అది కూర్చుంది. పోయి ఊరందరి ముందూ చెప్పనా? చెబితే, మరి నువ్వు నలభై ఐదు రోజులు ఏం చేశావమ్మా అంటారు. ఇద్దరం ఒకరి నోరు ఒకరం మూసుకుని ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకోవాలి ఇక.

మొన్న సాయంత్రం ఆ కోడుమూరు వాళ్ళు పోయాక ఈ మాట చెప్పి ఉంటే నేను నందవరం పోయేదాన్ని కాదు. గోడ లేదు, ఏమీ లేదు, ఫైలు పొయ్యిలో పెట్టేదాన్ని. ఇది మాత్రం నిజం.

ఆ సంగతి నాకంటే బాగా తెలుసు దానికి. రసీదు చదివి, మడిచి, జాకెట్లో దోపుకున్నాకే నోరు విప్పింది.